పిండి పొట్లాల వెంట మూడు రోజులు

హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లందరూ తీగల వంతెన మీద దిగిన ఫొటోలు చూపిస్తారు. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. నేను చూడటానికి వెళ్లలేదు, తగువు గెలవడానికి వెళ్లాను. ఆ తగువు ఎలా ముగిసిందో అటువైపు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. చదివి నన్ను నాలుగు తిట్టినా పడతాను.

మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. అంగన్‌వాడీ టీచరుగా రిటైరయ్యాక, ఆడవాళ్లం ఆరుగురం కలిసి పిల్లలకు జావ పిండి చేయడం మొదలుపెట్టాం. చోళ్లు, మొక్కజొన్న, పెసలు, వేరుశనగ గుళ్లు కడిగి, ఎండబెట్టి, వేయించి మర పట్టిస్తాం. చోళ్లంటే రాగులే, మా వైపు అలా అంటాం. మా అక్క కూతురు సంధ్య మదీనాగూడలో ఉంటోంది. తన స్నేహితుల్లో పసిపిల్లల తల్లులకు ఆ పొట్లాలు అందజేస్తుంది. మా ఊళ్లో జావ పిండి అయినది అక్కడికి చేరేసరికి 'మల్టీగ్రెయిన్ మిక్స్' అయిపోతుంది. పేరు మారాక గిరాకీ పెరిగిందని సంధ్యే చెప్పింది.

కార్తీకం చివర్లో సంధ్య ఫోన్ చేసింది. కూకట్‌పల్లిలో మాధవి అనే ఆవిడ, పిండి చేదుగా ఉందనీ, రెండు పూటలు పట్టాక బాబుకు విరేచనాలయ్యాయనీ చెప్పిందట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ ఈ చేత్తోనే పెట్టినాను. నా పిండికి వంకలు పెడతారేటి?" అన్నాను.

"అది కాదు పిన్నీ, తేలేదాకా ఎవరూ వాడొద్దని మెసేజ్ పెట్టేద్దాం" అంది సంధ్య.

నేను ఒప్పుకోలేదు. మెసేజ్ నేనే చెప్పి రాయించాను: 'ఈసారి పిండి రుచిలో కొద్దిగా తేడా ఉండవచ్చు. నచ్చనివారు చెబితే మార్చి ఇస్తాం.' మా పేరు పోకూడదన్న జాగ్రత్త తప్ప అందులో ఇంకేమీ లేదు. వారం తర్వాత, ఆ విడత పిండీ, మిగిలిన గింజలూ సంచిలో పెట్టుకుని, పరీక్ష చేయించి ఆ కాగితం మాధవి ముందు పడేద్దామని రైలెక్కాను.

మదీనాగూడ

పొద్దున్నే లింగంపల్లిలో దిగాను. సంధ్య అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా అతను నా పేరు, నేను వెళ్లే ఫ్లాటు నంబరు అడిగి, ఫోన్‌తో నా మొహం ఫొటో తీశాడు. మా ఊళ్లో కొత్త మనిషి కనిపిస్తే ఎవరింటికి, ఏం పని, భోజనం చేశారా అని అడుగుతారు. ఇక్కడ మొదటి ప్రశ్నతో సరిపెడతారు. లిఫ్టులో నలుగురున్నా ఎవరూ ఎవరినీ చూడలేదు. నేనే ఉండబట్టలేక పక్కనున్న అమ్మాయిని "ఏ ఊరమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల చెవిలోంచి ఏదో తీసి, "కర్నూలండీ" అని ఎంతో సంతోషంగా నవ్వింది. అడిగేవాళ్లు లేరు గానీ చెప్పేవాళ్లున్నారు.

సంధ్య ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. పొద్దున్న ఉప్మా పెడుతూ, "పిన్నీ, ఒకవేళ పరీక్షలో ఏదైనా వస్తేనో?" అంది.

"నువ్వు ఆఫీసులో పట్టుకున్నవి చాలు. ఇంట్లో కూడా మొదలెట్టకు" అన్నాను. పాపం, ఇంకో గరిటె ఉప్మా వడ్డించింది.

ఎత్తు మేడల మధ్య ల్యాబు

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఒక ల్యాబులో గింజలు, దాణా పరీక్ష చేస్తారని సంధ్య కనుక్కుంది. ఆటో అతను దారిలో అడిగాడు.

"ల్యాబుకా అమ్మా? రక్తమా, షుగరా?"

"కాదు బాబూ, పిండి."

అతను అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "పిండికి గూడ టెస్టులా? మా ఇంట్ల పురుగు పడితే జల్లిస్తం, బూజు పడితే ఎండకు పెడ్తం. గంతే. ఏం ఫికర్ చెయ్యకుండ్రి."

"మా ఇంట్లోనూ అంతే" అన్నాను. పరాయి ఊళ్లో నా పక్షాన మాట్లాడే మనిషి దొరికాడని సంబరపడ్డాను.

ఇరువైపులా అద్దాల మేడలు. వాటి మధ్య ఎవరూ కదపలేక వదిలేసినట్టు పెద్ద పెద్ద బండలు. మా వైపు కొండలకు పచ్చదనం ఉంటుంది. ఇక్కడి రాళ్లు ఒకదాని మీద ఒకటి ఉత్తినే కూర్చున్నాయి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వాటి నీడలోనే నిలబడి చాయ్ తాగుతున్నారు. అల్లం చాయ్ ఇరవై రూపాయలు. గ్లాసు చూస్తే మా ఇంట్లో మందు కొలిచే గ్లాసంత ఉంది. రెండు తాగాను.

ల్యాబులో స్వప్న అనే అమ్మాయి నా సంచి తీసుకుంది. సిద్దిపేట వైపు పిల్ల. పిండి ఎలా చేస్తామో అడిగితే పాఠం చెప్పినట్టు చెప్పాను. తుఫాను వానకు మొక్కజొన్న తడిసిందనీ, అక్కడక్కడా బూజు పడితే కడిగి ఎండబెట్టి దోరగా వేయించామనీ గొప్పగానే చెప్పాను. అది నా సలహానే. స్వప్న పెన్ను పక్కన పెట్టింది.

"మరీ ఖరాబైనయి ఏం చేసిండ్రు అమ్మా?"

"నల్లబడ్డవి ఏరి కోళ్లకేసినాం."

"కోళ్లు ఎట్లున్నయి?"

మా గ్రూపులో పైడమ్మ పది రోజులుగా ఒకటే గోల పెడుతోంది, కోళ్లు మేత ముట్టడం లేదు, పలచగా రెట్ట వేస్తున్నాయి, రెక్కలు వాల్చి నిలబడుతున్నాయి అని. నేను విని వదిలేశాను. "వానకి ముడుచుకున్నాయి" అన్నాను స్వప్నతో. ఆ పిల్ల అది కూడా రాసుకుంది. ఫలితం రేపు వస్తుందంది.

బయటికొచ్చి బండి దగ్గర పెరుగన్నం కొనుక్కుని తింటుంటే అందరూ నా కాళ్లవైపు చూస్తున్నారు. ల్యాబులో తొడిగిన నీలం ప్లాస్టిక్ తొడుగులతోనే రోడ్డెక్కాను. చెప్పులు లోపలే ఉండిపోయాయి. వెనక్కి వెళితే స్వప్న అప్పటికే వాటిని పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

మైక్రోస్కోపు కింద

రెండో రోజు స్వప్న నన్ను ఎదురుగా కాక పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడే నాకు సగం అర్థమైంది.

"అమ్మా, మీ మక్కలల్ల రెండు తీర్ల బూజు విషాలున్నయి. పల్లీలల్ల గూడ ఒకటున్నది. ఉండదగ్గ దానికంటే ఎక్కువనే ఉన్నయి. పిండిల గూడ అంతే."

"వేయించాం కదా తల్లీ" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"వేయిస్తే బూజు చస్తదమ్మా. అది గింజల విడిచిన విషం చావది. కొంత తగ్గుతదేమో గని పోదు. ఎండకు గూడ అంతే. కడిగితే పైన కనబడేది పోతది. ఇగ మనం మంచిగైందనుకుంటం."

తర్వాత పక్క గదికి తీసుకెళ్లింది. అక్కడ పేగు లోపలి కణాలను గాజు పళ్లెంలో పెంచుతారట. ఇలాంటి విషాలు వాటిని ఏం చేస్తాయో చూడటం వాళ్ల పని. మైక్రోస్కోపులోంచి మొదటి పళ్లెం చూపించింది. సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, చక్కగా అల్లిన చాపలా. రెండో పళ్లెంలో మా మొక్కజొన్నలో దొరికిన రకం విషమే ఒక రోజు ముందు కలిపిందట. అల్లిక విడిపోయింది. కొన్ని ఉండలు చుట్టుకుపోయి నీళ్లలో తేలుతున్నాయి, మధ్య మధ్య ఖాళీలు.

"మన పేగు లోపలి గోడ ఒక్క వరసనే ఉంటదమ్మా" అంది స్వప్న. "తిన్నదాంట్ల మంచిని లోపలికి పంపి, చెడును ఆపేది గదే. ఈ విషం ఆ అతుకులను వదులు చేస్తది. పాతయి రాలిపోతే కొత్తయి పుట్టనియ్యది. ఆపవలసినయి లోపలికి పోతయి, తీసుకోవలసినయి బయటికి పోతయి. పెద్దోళ్లు జర తట్టుకుంటరు. చిన్న పిల్లలు కష్టం. గా బాబుకు దీనితోనే అయిందని నేను చెప్పలేను, డాక్టరే చెప్పాలె. కని ఈ పిండి ఇగ ఎవ్వలు తినొద్దు."

మళ్లీ చూడమంది. నేను చూడలేకపోయాను. బరువు పెరగని పిల్లలను తూకం వేసి, తల్లులకు పద్ధతులు చెప్పినదాన్ని. ఏ పసివాడి పొట్టలో అల్లిక విప్పానో. స్వప్న మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నేను తాగేదాకా చేయి పట్టుకుని కూర్చుంది.

అక్కడి నుంచే సంధ్యకు ఫోన్ చేసి కొత్త మెసేజ్ చెప్పాను: 'పిండిలో బూజు విషం ఉంది. తినొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. పిల్లలకు బాగోకపోతే డాక్టరుకు చూపించండి. తప్పు మాది. పొట్లాలు మేమే వచ్చి తీసుకుంటాం.'

కూకట్‌పల్లి

సంధ్య సెలవు పెట్టింది. ఇద్దరం గుమ్మం గుమ్మానికీ తిరిగి పొట్లాలు వెనక్కి తీసుకున్నాం. తలుపు తీసినవాళ్లు ఇద్దరు ముగ్గురు గట్టిగానే అడిగారు, అడగాల్సిందే. ఎక్కువమంది లోపలికి రమ్మన్నారు. మాధవి ఇల్లు హౌసింగ్ బోర్డు కాలనీలో, కూరగాయల బండ్ల సందు దాటాక. భీమవరం వైపు వాళ్లు.

"ముందు కూర్చోండి, కాఫీ తాగండి" అంది. "గొడవ పెట్టుకోవాలని కాదండీ చెప్పింది. మీకు కష్టమనిపించిందేమో."

తగువుకు బయలుదేరినదాన్ని కదా, ఆ మర్యాదకు తల ఎత్తలేకపోయాను. బాబు ఇప్పుడు బాగున్నాడు. డబ్బా మూత తీసి నేల మీద దొర్లిస్తున్నాడు.

"మా అత్తగారు ఏది పెట్టినా ముందు నాలిక మీద వేసుకుని చూస్తారండి. ఆ వారం ఊరెళ్లారు. వచ్చి నోట్లో వేసుకోగానే ఉమ్మేశారు. అప్పుడే ఆపేశాం" అంది మాధవి.

మేమూ రుచి చూస్తాం. మర దగ్గరే వేడి పిండి చిటికెడు నోట్లో వేసుకోవడం మా అలవాటు. కానీ ఆ విడత పట్టించింది కార్తీక సోమవారం. ఆరుగురమూ ఉపవాసం. ఒక్క నాలికకూ పిండి తగలలేదు. మరునాడు చూడొచ్చు కదా అంటారా? అప్పటికే పొట్లాలు కట్టేశాం. భక్తికి లోటు రాకుండా చూసుకున్నాం, బుద్ధికే సెలవిచ్చాం.

సాయంత్రానికి ఒక్క పొట్లం తప్ప అన్నీ చేరాయి. ఆ ఒక్కటి ఖాజాగూడలో ప్రియ అనే అమ్మాయి దగ్గర ఉంది. తన జవాబు రాత్రి భోజనాల వేళకు వచ్చింది: 'అయ్యో ఆంటీ, రుచి తేడా అని పోయినవారం మెసేజ్ చూసి మా బాబుకు పట్టలేదు, మా పనావిడకు ఇచ్చేశాను. ఆమెకు రెండేళ్ల పాప ఉంది.'

ఖాజాగూడ

మూడో రోజు పొద్దున్నే వెళ్లాను. ప్రియ ఉండేది చాలా ఎత్తు మేడలో. కిటికీలోంచి చెరువు, రాళ్ల గుట్టలు, వాటికి ఇవతల పాత ఊరి ఇళ్ల పైకప్పులు కనిపిస్తాయి. ప్రియ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పారేయబుద్ధి కాలేదండీ. మంచి గింజలు కదా అనుకున్నాను. యాదమ్మ మూడు రోజులుగా పనికి రావట్లేదు. పాపకు బాగోలేదంది. ఫోన్ కలవట్లేదు."

ఆ పిల్లను నేనేమనగలను? మనకు పనికిరానిది ఇంకో నోటికి పనికొస్తుందని నేనూ అనుకున్నాను. నేను కోళ్లకు వేశాను, అంతే తేడా. అయినా వాడొద్దన్న మాటను రుచి తేడాగా మార్చి రాయించింది ఎవరు?

ప్రియ ఆఫీసు మీటింగు మధ్యలో వదిలేసి నాతో వచ్చింది. మేడ గేటు నుంచి యాదమ్మ ఇంటికి పది నిమిషాల నడక. సందులో రేకుల గది. గుమ్మం ముందు ఎండలో ఒక పాత చీర పరిచి ఉంది. దాని మీద మా పిండి.

యాదమ్మ పాపను భుజాన వేసుకుని బయటికొచ్చింది. ప్రియను చూసి కంగారుపడింది. "మేడం, రేపటి సంది వస్త. పిల్లకు జర మంచిగ లేదు."

నేనెవరో ప్రియ చెప్పింది. యాదమ్మ మొహం విచ్చుకుంది. "గీ పిండి మీదేనా అమ్మా? మా పిల్ల ఏం తినది, గిది మాత్రం తాగుతది. జర బూజు వాసనొచ్చిందని జల్లించి ఎండకు పెట్టిన. తైదలది బలం గదా."

తైదలంటే మా చోళ్లే. నేను పిండి వైపు చూస్తూనే అడిగాను. "పాపకేమైందమ్మా?"

"వారం సంది విరేచనాలు. దవాఖానల ఓఆర్ఎస్ పొడి ఇచ్చిన్రు, తాపుతున్న. మెత్తటిది పెట్టుమన్నరు. గందుకే అన్నం బంద్ చేసి మూడు పూటలు గీ జావనే పోస్తున్న. అయినా తక్కువైతలేదు."

అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. పిల్ల నీరసించిన కొద్దీ ఆ తల్లి అదే ఎక్కువ పోసింది. పొట్టకు మంచిదని. పొట్ట బాగోని పిల్లకు జావ పట్టమని ముప్పై ఏళ్లు నేనూ చెప్పాను.

చెప్పేశాను. బూజు సంగతి, విషం సంగతి, వేయించినా ఎండబెట్టినా పోదన్న సంగతి. పాప వీపు నిమురుతున్న యాదమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మేడం వాళ్ల బాబుకు వద్దని ముందుగాలనే తెలిసింది గదా?" అంది చివరికి.

"అనుమానం ఉందని తెలుసు" అన్నాను. "గట్టిగా చెప్పలేదు. తప్పు నాదే."

"మరి నాకెవ్వలు చెప్పలే."

నేను చీర నాలుగు మూలలూ పట్టుకుని పిండి మూట కట్టేశాను. అక్కడి నుంచి ముగ్గురం పాపను తీసుకుని దవాఖానకు వెళ్లాం.

దవాఖాన బెంచీ

పాప పేరు మల్లిక. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావట్లేదు. పరీక్ష కాగితం డాక్టరమ్మకు ఇచ్చి, ఏ పిండి, ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు అంతా చెప్పాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, నన్ను వదిలేసి పాపను చూసింది.

"జావ వెంటనే ఆపండి. ఓఆర్ఎస్ చెంచాతో కొంచెం కొంచెం పడుతూ ఇక్కడే కూర్చోండి. సాయంత్రానికి మూత్రం రాకపోతే పెద్ద ఆసుపత్రికి పంపాలి" అంది.

బెంచీ మీద కూర్చున్నాం. యాదమ్మ చెంచాతో పడుతోంది, పాప సగం ఉమ్మేస్తోంది. చుట్టూ జ్వరాలవాళ్లు, కట్లవాళ్లు. పక్కన కూర్చున్న ముసలమ్మ తన సంచిలోంచి అరటిపండు తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు గూడ తిను, మొహమంత పీక్కపోయింది" అంది. ఎవరో తెలియదు, ఎందుకో అడగలేదు. మా ఊళ్లో అయితే కథంతా విన్నాక గానీ పండు ఇవ్వరు. తినబుద్ధి కాలేదు గానీ కాదనలేక తిన్నాను. ప్రియ ఫోన్ మోగుతూనే ఉంది. ఆఖరికి దాన్ని సంచిలో పడేసి చెంచా తను అందుకుంది.

మధ్యాహ్నం దాటింది. ఏమీ లేదు. యాదమ్మ ఒడిలో బట్టను పదేపదే తడిమి చూసుకుంటోంది. నేను మొక్కని దేవుడు లేడు. నాలుగున్నర అవుతుండగా యాదమ్మ ఒక్కసారి లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

"పోసింది! అమ్మా, పోసింది!" అని అరిచింది. బెంచీలవాళ్లంతా మావైపు తిరిగి చూశారు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇక భయం లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు, పల్చటి అన్నం పప్పుకట్టుతో మొదలుపెట్టండి, రెండు రోజులకోసారి తీసుకొచ్చి చూపించండి అంది.

ఆ సాయంత్రం నా రైలు వెళ్లిపోయింది. మర్నాడు ఎక్కాను.

ఇంటికి చేరాక

ఊళ్లో దిగగానే ఐదుగురినీ కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. మిగిలిన గింజలు పాతిపెట్టేద్దామంటే పైడమ్మ, "ధాన్యాన్ని మట్టిపాలు చేస్తామేటి? పోనీ గేదెలకైనా పెడదాం" అంది. ఆ మాట పక్షం రోజుల కిందటైతే నేనే అనేదాన్ని. "గేదెకి పెడితే పాలల్లోకొస్తుంది. ఆ పాలు తాగేది ఎవరి పిల్లలు?" అన్నాను. పైడమ్మే గునపం తెచ్చింది.

తర్వాతి విడతకు ఎండలో పండిన కొత్త గింజలు తీసుకున్నాం. గింజలప్పుడే స్వప్నకు పంపించాం. బాగున్నాయని కబురు వచ్చాకే మర పట్టించాం. ఆరుగురం రుచి చూశాం. మొదటి పొట్లం యాదమ్మకు పంపించమని సంధ్యకు ఇచ్చాను. మల్లిక కోలుకుందనీ, బొద్దుగా కాకపోయినా ఆడుకుంటోందనీ ప్రియ చెబుతూనే ఉంది.

నాలుగు రోజులకు యాదమ్మే ఫోన్ చేసింది. పాప గొంతు వెనకాల వినిపిస్తోంది, ఏదో కావాలని మారాం చేస్తోంది.

"అమ్మా, పిండి వచ్చింది. టెస్టు కాయిదం గూడ మేడం చదివి చెప్పిన్రు. మంచిగనే ఉన్నదట. మీరు అబద్ధం చెప్పరని నాకెరుకే. కని డబ్బా తీస్తున్న, మల్ల మూస్తున్న. పిల్లకు పొయ్యనీకి చెయ్యొస్తలేదమ్మా. వాపసు పంపనా? మీకు కోపమొస్తదా?"

"రాదమ్మా" అన్నాను. "పంపించీ. నీకు చెయ్యి రానప్పుడు పిల్లకి పోయకు, ఎవరు చెప్పినా."